ఉప్పూ, పిండీ, ఒకే వాన

ఆకివీడు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి భర్తగారు ఈమధ్యనే అరవయ్యేళ్ళు నిండి ఉద్యోగం నుంచి విశ్రాంతి పుచ్చుకున్నారట. ముప్ఫైయేళ్ళ నౌకరీ తాలూకు సొమ్ము ఒక్కసారిగా చేతికొచ్చింది. వచ్చిన వారంరోజుల్లో ఇంటికి ఎనిమిదిమంది చుట్టాలు వచ్చారు. "అంతకుముందు ఎనిమిదేళ్ళలోనూ అంతమంది రాలేదండీ" అని ఆమే రాశారు. వచ్చినవారు వట్టి చేతులతో రాలేదు, తలా ఒక సలహా పట్టుకొచ్చారు. ఒకరు చెరువు లీజు అన్నారు, ఒకరు భీమవరంలో స్థలం అన్నారు, ఇంకొకరు చీటీ, మరొకరు షేర్లు. ఉత్తరం చివర సోదరి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మా డబ్బు ఎక్కడ పెడితే భద్రంగా వుంటుంది?"

జవాబు నాకు తడుముకోకుండానే వచ్చేసింది. "అమ్మా, ఒక్కచోట పెట్టకండి, నాలుగుచోట్ల పెట్టండి" అని రెండు వాక్యాలు రాసి, కవరు అంటించబోయాను. అంతలో మా బావమరిది జ్ఞాపకం వచ్చి చెయ్యి ఆగిపోయింది. అయిదారేళ్ళ కిందట అతనికీ అక్షరాలా ఈ మాటే చెప్పాను. అతనూ అక్షరాలా అలాగే చేశాడు. ఏం జరిగిందో చెప్పకుండా ఆ రెండు వాక్యాలూ ఆకివీడు పంపడం ధర్మం కాదనిపించింది.

మాది ఉండి. భీమవరానికీ ఆకివీడుకీ నడుమ వూరు. కాలవ పక్కన వరి, వరి పక్కన చెరువు, చెరువు పక్కన మళ్ళీ చెరువు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. లెక్కల మాస్టారికి డబ్బు సంగతులు తెలుస్తాయని లోకానికి ఒక నమ్మకం వుంది. మా ఆవిడకు లేదు. లేకపోయినా, ఎవరైనా సలహాకు వస్తే కాఫీ మాత్రం ఇస్తుంది.

2025 నవంబరు మొదటివారంలో ఒక సాయంత్రం బావమరిది నల్ల అట్ట పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే "అక్కయ్యా, ఆకలి!" అంటూ వచ్చేవాడు ఆవేళ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"బావగారూ, మీరు చెప్పినట్టే చేశానండి. ఒక్కచోట పెట్టలేదు. ఏడుచోట్ల పెట్టాను. ఏడూ మునిగాయండి."

పుస్తకం తీసి చూశాను. దస్తూరీ ముచ్చటగా వుంది. సొంతం మూడెకరాలు, వరి. కాళ్ళ వైపు నాలుగెకరాలు లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు. ఒక స్నేహితుడితో కలిసి రొయ్యమేత దుకాణంలో సగం వాటా. చుట్టుపక్కల ఇద్దరు రైతులకు నూటికి రెండు రూపాయల వడ్డీమీద ప్రోనోటు రాయించుకుని ఇచ్చిన ఆరు లక్షలు. నెలకు పాతికవేల చొప్పున ఇరవైమంది వేసే అయిదు లక్షల చీటీ. భీమవరం రోడ్డుమీద అయిదు సెంట్ల స్థలం. చెరువుల దగ్గర్నుంచి రొయ్యను ఐసులో పెట్టి ఫ్యాక్టరీకి తోలే వ్యాను ఒకటి. ఎవరైనా చూస్తే, "ఆహా, ఎంత ముందుచూపు! భూమి వుంది, వ్యాపారం వుంది, వడ్డీ వుంది, స్థలం వుంది" అనాల్సిందే. నేనూ అన్నాను, అంతకు రెండేళ్ళ ముందు.

ఆ సంవత్సరం ఏం జరిగిందో మా సీమవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావారి కోసం చెబుతాను. మన రొయ్యను కొనేవాళ్ళలో అమెరికా పెద్దబేరం. 2025 ఆగస్టు 27 నుంచి మనదేశపు సరుకులమీద అక్కడ నూటికి యాభై సుంకం అమలులోకి వచ్చింది. వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెడితే కాళ్ళ చెరువుగట్టుమీద రొయ్య ధర దిగింది. ధర దిగితే పట్టుబడిలో ఖర్చులు కూడా రాలేదు. ఖర్చులు రాని రైతు మేత దుకాణం బాకీ తీర్చలేదు. ఆ రైతులే ప్రోనోట్లు రాసిన ఇద్దరూను. చీటీలో ఇరవైమంది సభ్యుల్ని వేళ్ళమీద లెక్కబెట్టి చూశాం. పద్నాలుగురికి చెరువులున్నాయి, మిగతా ఆరుగురిలో ముగ్గురికి చెరువులవాళ్ళే గిరాకీ. ముందే పాడుకుని సొమ్ము పట్టుకుపోయినవాళ్ళు నెలనెలా కట్టడం మానేశారు. పట్టుబడులు తగ్గేసరికి వ్యాను ఇంటిముందు నిలబడింది. స్థలం అమ్ముదామంటే కొనేవాడేడీ? రొయ్య డబ్బు వున్న ఏడాదే కదా మా రోడ్డుమీద స్థలాలకు రెక్కలొచ్చేది!

సరే, వరి మిగిలిందిగా అంటారా? అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోతకు రాబోతున్న సార్వా చేను చాపలా పడుకుంది.

"అమ్మాయి కాలేజీ ఫీజు ఈ నెలాఖరు లోపల కట్టాలండి" అన్నాడు, పుస్తకం వంకే చూస్తూ. "అదొక్కటే కాదు. మళ్ళీ పిల్ల వెయ్యాలి. ఈసారి కాపు నిలబడితే అన్నీ తీరిపోతాయి. అక్కయ్య దగ్గర అమ్మ కాసులపేరు వుంది కదా, తాకట్టుకు..."

మా ఆవిడ కాఫీగ్లాసు అతని ముందు పెట్టింది. ఏమీ అనలేదు. ఆ కాసులపేరు మా అత్తగారు పోతూ, మనవరాలి పెళ్ళికని చెప్పి కూతురి చేతిలో పెట్టినది. ఆ మనవరాలే, ఫీజు కట్టవలసిన అమ్మాయి.

మనకొక సామెత వుంది: ఉప్పు అమ్మబోతే వాన, పిండి అమ్మబోతే గాలి. దురదృష్టవంతుడి సామెతగానే దాన్ని చిన్నప్పటినుంచీ వింటూ వచ్చాను. ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతూ వుంటే, అది వ్యాపారస్థుడి సామెత కాబోలు అని మొదటిసారి తోచింది. ఆ మనిషి నిజానికి తెలివైనవాడే. రెండు సరుకులు పెట్టుకున్నాడు. గాలికి పిండి ఎగిరిపోతుంది గాని ఉప్పు ఎగరదు. అంచేత గాలిరోజున ఉప్పు అమ్ముకుని బతకవచ్చు. చిక్కల్లా వానతో. వానకు ఉప్పు కరుగుతుంది, పిండీ ముద్దవుతుంది. రెండు సరుకులున్నా వానరోజున అతను ఒకే సరుకు వున్నవాడితో సమానం. ఆ తట్టలో మూడోది, వానరోజునే అమ్ముడుపోయేది, ఒక తాటాకు గొడుగు వుండివుంటే సామెత పుట్టేదే కాదు.

మా బావమరిది తట్టలో వున్నవి ఏడు సరుకులు. ఏడూ ఒక వానకు తడిసేవే.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. 1952లో హారీ మార్కోవిట్జ్ అని, అప్పటికి పాతికేళ్ళు కూడా నిండని అమెరికా కుర్రవాడు ఒక వ్యాసం రాశాడు. ఒక్కొక్క పెట్టుబడి విడిగా ఎంత ప్రమాదం అని చూసుకుంటే చాలదు, అవన్నీ కలిసి లేస్తాయా, కలిసి పడతాయా అన్నదే అసలు లెక్క అని అందులో గణితం వేసి చూపించాడు. ఆ లెక్కకు 1990లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. కలిసి పడేవి పది వున్నా ఒకటి కిందే జమ. ఒకటి పడ్డప్పుడు నిలబడేది ఒకటుంటే, ఆ రెండూ నిజంగా రెండు.

మర్నాడు బావమరిదిని మళ్ళీ పిలిచాను. నల్ల అట్ట పుస్తకంలో ప్రతి వరసకూ ఎదురుగా ఒక గడి గీయించి, "ఈ డబ్బు రాకుండా పోవాలంటే ఏం జరగాలి? ఒక్కమాటలో రాయి" అన్నాను. పరీక్షలో కుర్రవాడిలా తలవంచుకుని రాశాడు. వరికి ఎదురుగా "తుపాను". చెరువుకు "రొయ్యధర, తెగులు". మేత దుకాణానికి "రొయ్యధర". ప్రోనోట్లకు "రొయ్యధర". చీటీకి కాసేపు ఆలోచించి "రొయ్యధర". స్థలానికి కలం ఎత్తి, నా మొహం చూసి, నవ్వలేక నవ్వి, అదే రాశాడు. వ్యానుకు రాయలేదు, పైనుంచి ఒక గీత లాగాడు.

చదువరులు ఈ పని ఇవాళే చేసి చూడండి. పుస్తకం అక్కర్లేదు, కేలండరు కాగితం వెనకైనా చాలు. ఒకే మాట రెండుసార్లకు మించి వచ్చిందంటే, ఆ వరసలన్నీ కలిపి ఒక్క వరసగా లెక్కపెట్టుకోండి. మీకెన్ని పెట్టుబడులున్నాయో అప్పుడు తెలుస్తుంది. చెరువులవారే కాదు, ఏ ఊరివారికైనా ఇది వర్తిస్తుంది. ఒక ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన వూళ్ళో ఉద్యోగమూ అక్కడే, ఇల్లూ అక్కడే, అద్దెకున్నవాళ్ళూ ఆ ఫ్యాక్టరీవాళ్ళే అయితే గడులన్నిటా ఒకే మాట పడుతుంది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, అప్పుచేసి అక్కడే ఫ్లాటు కొని, మిగిలిన సొమ్ము కంప్యూటరు కంపెనీల షేర్లలో పెట్టే మా శిష్యుడొకడున్నాడు. వాడు నాకంటే తెలివైనవాడు. వాడి గడుల్లోనూ ఒకే మాట.

వానలు కూడా ఒక రకానివి కావు. మా ప్రాంతం అన్ని రకాలూ చూసింది. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య జ్వరం వచ్చింది. పుస్తెలు తప్ప అన్నీ అమ్మి చెరువులు తవ్వినవాళ్ళను చూశాను. 1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చ తెగులు కోస్తా పొడుగునా చెరువుల్ని తుడిచిపెట్టింది. ఆ వానపేరు తెగులు. కొల్లేరులోనైతే ఇంకో పేరు. 1999లో అయిదో కాంటూరు వరకూ సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వమే పొక్లెయిన్లు పెట్టి కొట్టించింది. చేపకు తెగులు లేదు, ధరకు లోటు లేదు, గట్టే లేదు. ఆ వానపేరు చట్టం. మూడోది అమెరికా సుంకం. ఇప్పటికి తెలిసినవి ఇవి. తెలియనిది ఎటునుంచి వస్తుందో ముందుగా చెప్పగల జోస్యుడు మా తాలూకాలో లేడు.

నాలుగోది మరీ చిత్రమైన వాన. "మనవాడే కదా" అనే నమ్మకం. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజుగారిది భీమవరం సీమ. ఆ కంపెనీ పేరు చెబితే ఇక్కడివారికి ఛాతీ పొంగేది. పుస్తకాల్లో వున్నట్టు చూపించిన నగదు లేదని 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజున షేరు విలువలో నూటికి డెబ్బైకి పైగా వంతులు పోయాయి. అదేరోజున బొంబాయి సెన్సెక్సు మొత్తం పడ్డది నూటికి ఏడు వంతుల చిల్లర. ముప్ఫై పెద్ద కంపెనీలు కలిపిన లెక్క అది, సత్యం కూడా అందులో ఒకటే. వూరి అభిమానంతో ఒక్క కంపెనీ పట్టుకున్నవాడికీ, ముప్ఫయ్యీ కలిపి పట్టుకున్నవాడికీ ఆ సాయంత్రం అన్నం ఒకేలా సహించి వుండదు.

ఇక్కడ మా బావమరిది తరఫున ఒక ప్రశ్న అడగాలి. అతనే అడిగాడు. "బావగారూ, అన్నీ కలిపేస్తే లాభం కూడా పలచబడదా అండి? మంచి కాపు పడ్డ ఏడాది చెరువులో వచ్చినంత పోస్టాఫీసులో వస్తుందా?"

రాదు. ఆ మాట దాచడం అబద్ధమవుతుంది. అందుకని పలక మీద లెక్క వేసి చూపించాను. మంచి ఏడాది చెరువు నూటికి 40 ఇస్తుందనుకో, చెడ్డ ఏడాది 30 పోతుందనుకో. పోస్టాఫీసు యే ఏడాదైనా 6 ఇస్తుందనుకో. పదిలక్షలూ చెరువులో పెడితే మంచి ఏడాదికి పద్నాలుగు, చెడ్డ ఏడాదికి ఏడు. సగం సగం పెడితే మంచి ఏడాదికి పన్నెండు లక్షల ముప్ఫైవేలు, చెడ్డ ఏడాదికి ఎనిమిది లక్షల ఎనభైవేలు. మంచిరోజున లక్షా డెబ్బైవేలు వదులుకున్నావు, చెడ్డరోజున లక్షా ఎనభైవేలు కాపాడుకున్నావు.

"సరిపోయింది కదండీ. ఒకటికొకటి చెల్లు."

చెల్లు కాదు. మాస్టార్లు పిల్లలకు చెప్పవలసినంత గట్టిగా చెప్పని లెక్క ఇక్కడే వుంది. లక్షలో నూటికి 30 పోతే 70 వేలు. ఆ తరవాత నూటికి 30 వస్తే? లక్ష కాదు, 91 వేలే. పోయినదాన్ని తిరిగి రాబట్టాలంటే 30 చాలదు, 43 దాకా రావాలి. వరసగా రెండు చెడ్డ ఏళ్ళు పడితే లక్ష 49 వేలు అవుతుంది. అక్కడినుంచి మళ్ళీ లక్ష కావాలంటే వున్నది రెట్టింపుకు మించాలి. పల్లానికి దిగడం ఒక అడుగు, మెరకకు ఎక్కడం రెండడుగులు. పైగా దిగినవాడు వూరికే ఎక్కడు, ఎక్కడానికి అప్పు చేస్తాడు. కాసులపేరు అడిగింది అందుకే.

బావమరిది పలకవంక చాలాసేపు చూశాడు. "ఇది ముందే చెప్పొద్దండీ?" అన్నాడు. చెప్పాల్సిందే. నాలుగుచోట్ల పెట్టమన్నాను గాని, నాలుగు వేరువేరు వానలకు తడిసే చోట్ల పెట్టమని అనలేదు. తప్పు నాదే.

ఇక ఆకివీడు సోదరికి జవాబు.

అమ్మా, మీ ఊరూ మా ఊరూ ఒకటే నీటిమీద బతుకుతున్నాయి. మీకు ఇప్పటికే ఇల్లు వుంది, పిత్రార్జితం రెండెకరాలు వుందని రాశారు. అంటే ఈ నేలమీద మీ వాటా ఇప్పటికే చాలినంత వుంది. కొత్తగా వచ్చిన సొమ్ములో ఎక్కువభాగం కొల్లేటి గాలి తగలని చోట వుండాలి. ముందు ఒక ఏడాది ఇంటిఖర్చు చేతికందేలా బ్యాంకులో వుంచుకోండి. ఇద్దరికీ ఆసుపత్రి భీమా కట్టండి. ఇది పెట్టుబడి కాదు, మిగతా పెట్టుబడుల్ని అర్ధరాత్రి అమ్ముకోకుండా కాపాడే గొళ్ళెం.

తరవాత పోస్టాఫీసు. అరవై నిండినవారి కోసం 2004లో పెట్టిన పొదుపు పథకం ఒకటి వుంది. అయిదేళ్ళ గడువు, మూడునెలలకోసారి వడ్డీ. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు 30 లక్షలవరకూ వేసుకోవచ్చు. పూచీ ప్రభుత్వానిది. బ్యాంకు డిపాజిట్లు కూడా మంచివే, కాని ఒక మెలిక తెలుసుకోవాలి. బ్యాంకు మునిగితే డిపాజిటుదారుడికి భీమా వుంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడి జనం గగ్గోలు పెట్టాక, 1962లో ఆ ఏర్పాటు వచ్చింది. అప్పట్లో హద్దు 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు, అసలూ వడ్డీ కలిపి. ఈ హద్దు ఒక్కొక్క బ్యాంకుకు గాని, ఒక్కొక్క బ్రాంచికి కాదు. ఒకే బ్యాంకు భీమవరం బ్రాంచిలో అయిదు, ఆకివీడు బ్రాంచిలో అయిదు వేసి రెండుచోట్ల పెట్టాననుకుంటే, అది ఒకేచోటు. చూశారా, ఇక్కడా అదే వాన. వూళ్ళలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో వేసిన డిపాజిట్లకైతే ఈ భీమా అసలు వర్తించదు.

అన్నట్టు, ఆంధ్రా బ్యాంకు ఏమైందని ఇంకా కొందరు పెద్దవాళ్ళు అడుగుతూ వుంటారు. మన గుండుగొలనులో పుట్టిన పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది గాని ఖాతాలన్నీ అక్కడికే మారాయి, ఎవరి సొమ్మూ పోలేదు. అయితే లెక్కలో ఒక చిన్న సంగతి వుంది. రెండు బ్యాంకుల్లోనూ డబ్బున్నవాళ్ళకు ఇప్పుడు వున్నది ఒకే బ్యాంకు.

మరి అంతా అక్కడే పెట్టి కూర్చోవచ్చు గదా అంటే, కూర్చోకూడదు. పోస్టాఫీసుకూ ఒక వాన వుంది. దాని చప్పుడు వినపడదు. ధరలు పెరగడమే ఆ వాన. ఇవాళ సరిపోయే వడ్డీ పదిహేనేళ్ళ తరవాత పాలకూ మందులకూ చాలదు. అందుకని కొంత భాగం దేశం మొత్తంమీద వ్యాపారం చేసే కంపెనీలలో వుండాలి. మనకు కంపెనీలు ఏరడం చేతకాదు. యాభై పెద్ద కంపెనీల నిఫ్టీ లెక్కను మారు మాట లేకుండా అనుసరించే ఫండ్లున్నాయి. వాటికి ఖర్చూ తక్కువ. ఒకేసారి వెయ్యకుండా నెలనెలా కొంచెం వెయ్యండి. ఒక్క హెచ్చరిక. ఏజంటు నాలుగు ఫండ్ల పేర్లు చెబితే, నాలుగింటిలోనూ వున్న కంపెనీల జాబితా అడగండి. తరచు అవే నాలుగు బ్యాంకులు, అవే రెండు కంప్యూటరు కంపెనీలు కనిపిస్తాయి. పేర్లు నాలుగు, సరుకు ఒకటి.

అక్కడి వాన కూడా చెప్పితీరాలి. 2008 జనవరిలో 20 వేలు దాటివున్న సెన్సెక్సు 2009 మార్చికి 8 వేల చిల్లరకు దిగింది. ఎన్ని కంపెనీలలో పరిచి పెట్టినా సగానికి పైగా పోయిన రోజులవి. కదలకుండా కూర్చున్నవాళ్ళకు తిరిగి వచ్చింది. ఆ మధ్యలో కూతురి పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు రాలేదు. అంచేత ఏడేళ్ళలోపు పని పడే రూపాయి అక్కడ పెట్టవద్దు.

సొమ్మును పది వంతులు చేసుకుంటే నా లెక్క ఇలా వుంటుంది. ఒకటి చేతికింద, అయిదు పోస్టాఫీసూ బ్యాంకులూ కలిపి, రెండు నిదానంగా ఆ ఫండులోకి, ఒకటి బంగారం. బంగారం కొనమని కాదు, ఒంటిమీద వున్నదే లెక్కలో వేసుకోండి. మిగిలిన ఒక్క వంతు మీ ఇష్టం. చుట్టాలు చెప్పిన చెరువు లీజైనా సరే, కాని పోయినా రాత్రి అన్నం తినగలిగేటంత మాత్రమే. ఇది లెక్కల మాస్టారి అంచనాగాని వేదం కాదు. మీ ఇంట్లో రోగులుంటే, చదువుకునే పిల్లలుంటే వంతులు మారతాయి.

బంగారం సంగతి చెప్పినందుకు మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగింది. 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది. ఒక వంతు అనుకున్నది పెరిగి పెరిగి రెండు వంతులకు దగ్గరపడింది. పెరిగినదాన్ని కొంత తగ్గించి, తగ్గినదాంట్లో కలపాలని శాస్త్రం. ఆ మాట పైకి అన్నాను.

"పెరిగిందని కాసులపేరు తెంపుతారా?" అంది మా ఆవిడ.

శాస్త్రానికి ఇంకో దారి వుంది, దాన్ని చెప్పి బయటపడ్డాను. పెరిగినదాన్ని అమ్మనక్కర్లేదు, కొత్తది కొనడం ఆపితే చాలు. వచ్చే రూపాయిని తక్కువైన వంతులో వేస్తూ పోతే, రెండు మూడేళ్ళలో తక్కెడ మళ్ళీ సమానమవుతుంది. 2013 మొదలు 2015 దాకా బంగారమూ దిగుతూ వచ్చిందని కూడా జ్ఞాపకం చేశాను. ఆ మాట ఆమెకు వినబడలేదు.

మా బావమరిది ఏం చేశాడో చెప్పాలి గదా. కాసులపేరు బయటికి రాలేదు. కాలేజీ ఫీజు మొదటి వాయిదా మా ఆవిడ పోస్టాఫీసులో నెలనెలా కట్టుకుంటున్న డబ్బులోంచి కట్టింది. అలాంటి ఖాతా ఒకటి వున్నట్టు అప్పటిదాకా నాకు తెలియదు. వ్యాను నష్టానికే అమ్మేశాడు. మేత దుకాణం వాటా స్నేహితుడు విడతలమీద తీసుకుంటానన్నాడు. ప్రోనోట్లలో ఒకదానికి సగం వచ్చింది, రెండోదానికి పలకరింపు మాత్రం వస్తోంది. చెరువు వదిలెయ్యమని నేననలేదు. నాలుగెకరాలు రెండు చేశాడు. "రొయ్య నా రక్తంలో వుందండి బాబూ" అన్నాడు. ఉండవలసినదే, అందరమూ పోస్టాఫీసులో కూర్చుంటే రొయ్య పెంచేదెవరు?

ఉత్తరం పూర్తిచేసి చదివి వినిపించాను. మా ఆవిడ అంతా విని, "బాగానే వుంది. మరి మన పుస్తకం ఏదీ?" అంది.

మన పుస్తకం అంటూ లేదు. అప్పటికప్పుడు కాగితం మీద వేశాను. పింఛను. ఈ ఇల్లు. ఎకరం పొలం, చెరువుకి లీజు ఇచ్చినది. చీటీ. బావమరిదికి చేబదులిచ్చిన రెండు లక్షలు. బ్యాంకులో కొంత.

ఆమె నా చేతిలోని పెన్సిలు తీసుకుంది. పింఛను, బ్యాంకు వదిలేసింది. ఇంటి దగ్గర కొంచెం తటపటాయించింది. మిగతా మూడు వరసల ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాసి కాగితం నా ముందు పెట్టి, అన్నం కలపడానికి లోపలికి వెళ్ళింది.